ఉప్పెంత, పంచదారెంత? పొర గుండా నీళ్లను నడిపే అణువులను ఇంట్లోనే పరీక్షించడం ఎలా

ద్రవాభిసరణ అంటే ఏమిటని బైపీసీ పిల్లల్ని అడగండి. నీళ్ల గాఢత ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు, అర్ధపారగమ్య పొర (నీళ్లను పోనిచ్చి, కరిగినవాటిని ఆపే పొర) గుండా నీళ్లు వెళ్లడం అని టక్కున చెప్తారు. గుంటూరు బ్రాడీపేట ట్యుటోరియల్ నోట్సు అయినా, విజయవాడ కాలేజీ మెటీరియల్ అయినా వాక్యం దాదాపు అదే. ఆ జవాబు పరీక్షకు సరిపోతుంది గానీ బంగాళాదుంపకు సరిపోదు. ఎందుకు సరిపోదో ఒక సెలవు రోజు పొద్దున మీ వంటింట్లోనే తేల్చుకోవచ్చు.

ఇందులో రెండు ప్రయోగాలున్నాయి. మొదటిది దుంపతో, ఎవరైనా చేయొచ్చు. రెండోదానికి డయాలిసిస్ ట్యూబింగ్ అనే పొర, అంటే కంటికి కనిపించని రంధ్రాలున్న సెల్లోఫేన్ లాంటి గొట్టం, కావాలి, కొంచెం తిరగాల్సి వస్తుంది. అసలు రుచి రెండోదాంట్లోనే ఉంది కాబట్టి మొదటిది చేసి ఆగిపోకండి.

ఏమేం కావాలి

తప్పనిసరిగా కావాల్సింది చిన్న డిజిటల్ త్రాసు. బంగారం తూచే రకం, గ్రాములో నూరో వంతు చూపించేది. వంటింట్లో పిండి తూచే త్రాసుతో ఈ పని కాదు. మిగతావి సులువు: పంచదార, ఉప్పు, కార్న్‌ఫ్లోర్, రెండు పెద్ద బంగాళాదుంపలు, ఒకే సైజు గాజు గ్లాసులు ఆరు, గీతలున్న కొలజాడీ లేదా పెద్ద సిరంజి, పాత నూలు గుడ్డ. ఎరువుల కొట్లో కొంచెం యూరియా అడగండి. పొలం ఉన్న ఇంట్లో ఎలాగూ ఉంటుంది.

నీళ్లు ఏవైనా సరే, కానీ అన్ని గ్లాసుల్లోకీ ఒకే డబ్బాలోవి వాడండి. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ దొరికితే మేలు. కొనేటప్పుడు అది యాసిడ్ కాదని సీసా మీద చదివి మరీ తీసుకోండి. ఇంట్లో ఆర్‌వో నీళ్లున్నా ఇబ్బంది లేదు.

డయాలిసిస్ ట్యూబింగ్ కోసం ఇంటర్ కాలేజీల ల్యాబులకు సామాన్లు వేసే షాపుల్లో అడగాలి. లేదంటే తెప్పిస్తారు. మీటరు పొడవు చాలు. పూలబొకేలకు చుట్టే సెల్లోఫేన్ వాడదామని కొందరంటారు. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేది చాలావరకు ప్లాస్టిక్, దానిలోంచి నీళ్లు పోవు. అనుమానముంటే చిన్న ముక్క కాల్చి చూడండి. అసలు సెల్లోఫేన్ కాగితంలా కాలి బూడిదవుతుంది, ప్లాస్టిక్ ముడుచుకుపోయి కరుగుతుంది.

ముందు లెక్క, తర్వాతే గ్లాసు

ద్రావణాలు చెంచాల లెక్కన కలిపితే మొత్తం వృథా. ఇక్కడ మనం పోల్చేది బరువులను కాదు, అణువుల సంఖ్యను. పంచదార అణువు బరువైనది, దాని మోలు (డజనులాగా, అణువులను లెక్కపెట్టే ఒక నిర్ణీత సంఖ్య) 342 గ్రాములు. ఉప్పు మోలు 58.5 గ్రాములే. పైగా ఉప్పు నీళ్లలో పడగానే సోడియం, క్లోరైడ్ అనే రెండు అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న కణాలుగా, విడిపోతుంది. అంటే ఒక్క మోలు ఉప్పు రెండు మోళ్ల కణాల పని చేస్తుంది. వంద గ్రాముల ఉప్పులో ఉన్న కణాలు వంద గ్రాముల పంచదారలో ఉన్నవాటికి దాదాపు పన్నెండు రెట్లు.

ఈ సంగతి మన ఇళ్లలో లెక్క తెలియకుండానే వాడుకలో ఉంది. మాగాయకు ముక్కలు తరిగి ఉప్పు, పసుపు పట్టించి జాడీలో పెడితే మూడో రోజుకు ఊట పైకి తేలుతుంది. అదే బరువు పంచదార వేసి అంత ఊట తెప్పించమంటే రాదు.

కణాల సంఖ్యకూ, ద్రావణం పొర గుండా నీళ్లను లాగే పీడనానికీ (ద్రవాభిసరణ పీడనం) ఉన్న సంబంధం సులువైనదే. 1877లో విల్‌హెల్మ్ ఫెఫర్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త మట్టికుండ గోడ రంధ్రాల్లో కాపర్ ఫెర్రోసైనైడ్ పొర ఏర్పడేలా చేసి, అందులో చక్కెర ద్రావణం పోసి ఎంత పీడనం పుడుతుందో కొలిచాడు. ఆ అంకెలు పట్టుకుని 1880లలో డచ్చి రసాయనవేత్త వాంట్ హాఫ్ ఒక సూత్రం చెప్పాడు. రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్, 1901లో, ఈయనదే. సూత్రం ఇది: లీటరులో ఎన్ని మోళ్ల కణాలున్నాయో చూడండి, దాన్ని 0.083తో, ఆపైన 273 కలిపిన సెల్సియస్ ఉష్ణోగ్రతతో గుణించండి. వచ్చేది బార్‌లలో పీడనం.

చేసి చూద్దాం. 0.3 మోలార్ పంచదార (అంటే లీటరు ద్రావణంలో 0.3 మోలు), గది 30 డిగ్రీలు. 0.3ని 0.083తో, 303తో గుణిస్తే ఏడున్నర బార్ వస్తుంది. అంటే 77 మీటర్ల ఎత్తు నీటి స్తంభం అడుగున ఉండే పీడనం. మామూలు షర్బత్తు కంటే తియ్యగా కూడా ఉండని నీళ్లకు ఇంత శక్తి. ఎండాకాలంలో ఎక్కువ లాగుతుందా అని అడగబోతున్నారేమో. 25 డిగ్రీల నుంచి 40కి పోతే పీడనం పెరిగేది నూటికి అయిదు పాళ్లే. కానీ అదే వేడికి నీళ్ల చిక్కదనం పావువంతుకు పైగా తగ్గుతుంది, అందుకే ప్రవాహం చెప్పుకోదగ్గంత వేగమవుతుంది. మే నెలలో గుంటూరులో చేసిన ప్రయోగాన్నీ డిసెంబరులో చేసినదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

మొదటి ప్రయోగం: దుంప దేన్ని లెక్కపెడుతుంది?

ఆరు గ్లాసులకు చీటీలు అంటించండి. ఒక్కోదానికి 250 మి.లీ. ద్రావణం కావాలి. మొదటిది ఉత్త నీళ్లు. రెండోది 0.15 మోలార్ పంచదార, అంటే 12.8 గ్రాములు. మూడోది 0.3 మోలార్ పంచదార, 25.7 గ్రాములు. నాలుగోది 0.6 మోలార్ పంచదార, 51.3 గ్రాములు. అయిదోది 0.15 మోలార్ ఉప్పు, 2.2 గ్రాములు. ఆరోది 0.3 మోలార్ ఉప్పు, 4.4 గ్రాములు.

కలిపే పద్ధతిలో ఒక మెలిక ఉంది. 250 మి.లీ. నీళ్లు పోసి అందులో పంచదార వేయకూడదు. ముందు పంచదార వేసి, సగం నీళ్లతో కరిగించి, ఆ తర్వాత 250 గీత దాకా నీళ్లు పోయాలి. పోసేటప్పుడు ఎన్ని నీళ్లు పట్టాయో సిరంజితో లెక్కపెట్టి రాసుకోండి. ఈ అంకె తర్వాత చాలా పనికొస్తుంది. మూడో గ్లాసుకు సుమారు 234 మి.లీ. నీళ్లే పడతాయి, మిగతా చోటు పంచదారది. అయిదో గ్లాసుకు 249 మి.లీ. పైనే పడతాయి, ఉప్పు ఒక మి.లీ. చోటు కూడా తీసుకోదు.

ఇక దుంప. తొక్క తీసేసి సెంటీమీటరు మందం, అయిదు సెంటీమీటర్ల పొడవున్న కడ్డీలు కోయండి. గ్లాసుకు మూడు చొప్పున పద్దెనిమిది. వీలైతే అన్నీ ఒకే దుంపవి కావాలి. దుంపకూ దుంపకూ లోపలి చక్కెరలో తేడా ఉంటుంది. ముఖ్యంగా మన బజారుకు ఉత్తరాది నుంచి వచ్చే దుంపలు చల్లటి గిడ్డంగుల్లో నెలలు గడిపి వస్తాయి. గుంటూరులో కోల్డ్ స్టోరేజీ అంటే మిర్చే గుర్తొస్తుంది గానీ, దుంప కూడా అలాంటి చోటే కూర్చుంటుంది. చలికి దానిలో పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. అలాంటి దుంప నీళ్లను గట్టిగా లాగుతుంది.

కడ్డీలను గుడ్డతో అద్ది, గ్లాసుకొక జట్టుగా తూచి, రాసుకుని, ద్రావణంలో వేయండి. రెండు గంటలు ఉంచండి. పది నిమిషాలకొకసారి చెంచాతో మెల్లగా కదపండి. కదపకపోతే దుంపలోంచి వచ్చిన నీళ్లు దాని చుట్టూనే పలుచని పొరగా నిలిచిపోతాయి, దుంపకు కనిపించే ద్రావణం మీరు కలిపినదాని కంటే పలచన అవుతుంది. తీశాక మళ్లీ అదే గుడ్డతో, అదే ఒత్తిడితో అద్ది తూచండి. ఒకదాన్ని గట్టిగా పిండి ఇంకోదాన్ని వదిలేస్తే లెక్క పోతుంది. మార్పును మొదటి బరువుకు శాతంగా రాయండి.

ఉత్త నీళ్లలోది బరువు పెరుగుతుంది, వంచితే పటుక్కున విరుగుతుంది. 0.6 పంచదారలోది తగ్గుతుంది, తాడులా వంగుతుంది. మధ్యలో ఎక్కడో, మామూలుగా 0.25 నుంచి 0.35 మోలార్ పంచదార ప్రాంతంలో, మార్పు సున్నా అవుతుంది. గ్రాఫు గీస్తే ఆ చోటు మీకే కనిపిస్తుంది.

ఇప్పుడు మూడో గ్లాసునూ అయిదో గ్లాసునూ పక్కపక్కన పెట్టండి. 0.3 పంచదార, 0.15 ఉప్పు. బరువు మార్పు రెండింటిలోనూ దగ్గరదగ్గరగా ఉంటుంది. నాలుగు, ఆరు కూడా అంతే. అచ్చంగా సమానం రావు, ఉప్పు వైపు ప్రభావం కాస్త తక్కువగా ఉంటుంది. విడిపోయిన అయాన్లు ఒకదాన్నొకటి కొంచెం పట్టుకునే ఉంటాయి కాబట్టి పూర్తిగా రెండు కణాల పని చేయవు.

ఇందాక రాసుకున్న నీళ్ల అంకె తీయండి. పంచదార గ్లాసులో నీళ్ల గాఢత ఆరు శాతానికి పైగా తగ్గింది. ఉప్పు గ్లాసులో పావు శాతం తగ్గింది, అంతే. నీళ్లు ‘ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకు’ పోవడమే అసలు కారణమైతే పంచదార గ్లాసు ఉప్పు గ్లాసుకు పాతిక రెట్లు గట్టిగా లాగాలి. లాగలేదు. దుంపకు నీళ్లెన్ని తగ్గాయో పట్టలేదు, కణాలెన్ని ఉన్నాయో పట్టింది.

ఆసుపత్రిలో వేలాడే సీసాలదీ ఇదే లెక్క. సెలైన్‌లో ఉప్పు 0.9 శాతం, గ్లూకోజ్ సీసాలో గ్లూకోజ్ 5 శాతం. బరువులో అయిదు రెట్లకు మించిన తేడా. కణాల లెక్కలో రెండూ లీటరుకు 0.3 మోలు దగ్గరే, రక్తంతో సమానంగా.

రంధ్రం మూతి దగ్గర ఏం జరుగుతుంది?

రెండో ప్రయోగానికి ముందు ఇది ఒకసారి నెమ్మదిగా చదవండి. ఇక్కడ తొందరపడితే తర్వాత వచ్చే ఫలితం వింతగా కనిపిస్తుంది.

పొరలో నీళ్లు పట్టే రంధ్రం ఉంది. ఒకవైపు మంచినీళ్లు, ఇంకోవైపు పంచదార నీళ్లు. పంచదార అణువు అటూ ఇటూ కొట్టుకుంటూ వచ్చి రంధ్రం మూతికి తగులుతుంది. పట్టదు. వెనక్కి తిరుగుతుంది. తిప్పింది పొర. అంటే ఆ అణువును రంధ్రం నుంచి దూరంగా పొర ఒక్క తోపు తోసింది. ఆ అణువు ఒంటరిది కాదు, చుట్టూ నీళ్లు ఒరుసుకునే ఉన్నాయి. అది వెనక్కి పోతూ ఆ నీళ్లను కూడా కొద్దిగా తనతో లాక్కుపోతుంది. ఇలాంటి తాకిళ్లు క్షణానికి కోట్లలో. దాంతో రంధ్రం మూతికి కాస్త లోపల నీళ్ల పీడనం పడిపోతుంది. మంచినీళ్ల వైపు చివర మాత్రం పీడనం మునుపటిలాగే ఉంది. ఇక మోటారు పెట్టిన గొట్టంలో లాగే ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనానికి రంధ్రం నిండా నీళ్లు మూకుమ్మడిగా పారతాయి.

ఒక్కో నీటి అణువూ తోచినట్టు తిరిగి అటువైపు చేరడాన్ని విసరణ అంటారు. ఇక్కడ జరిగేది అది కాదు, గొట్టంలో పారడం లాంటి ప్రవాహం. 1957లో అలెగ్జాండర్ మారో కొలోడియన్ అనే కృత్రిమ పొరలతో చేసిన కొలతల్లో, ద్రవాభిసరణతో పారే నీళ్లు ఉత్త విసరణతో దాటేవాటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. పాఠ్యపుస్తకాలు ఇంకా పాత మాటే ఎందుకు చెప్తున్నాయంటే, అది రెండు వాక్యాల్లో అయిపోతుంది కాబట్టి. నా మటుకు నాకు అది మంచి కారణంగా కనిపించదు.

తోసివేతే పీడనాన్ని పడగొడుతుందని ఒప్పుకుంటే ఒక ప్రశ్న దానంతట అదే వస్తుంది. అణువు వెనక్కి తిరగకుండా రంధ్రంలో దూరిపోతే? అప్పుడు పొర దాన్ని తోయలేదు, పీడనం పడిపోలేదు, ప్రవాహమూ లేదు. సగం సార్లు దూరి, సగం సార్లు వెనక్కి తిరిగితే? సగం ప్రవాహం. ఈ తోసివేత ఎంతో చెప్పడానికి 1951లో స్టావర్‌మన్ ఒక అంకె పెట్టాడు, దాన్ని పరావర్తన గుణకం అంటారు. పూర్తిగా వెనక్కి తిరిగితే 1, హాయిగా దూరిపోతే 0. సూత్రం చెప్పిన పీడనాన్ని ఈ అంకెతో గుణిస్తేనే నిజంగా నీళ్లను నడిపే పీడనం వస్తుంది.

అందుకని గుణకాన్ని అణువుకు మాత్రమే అంటగట్టకండి, పొరకు మాత్రమే అంటగట్టకండి. అది ఆ జంటది. దుంపలోని జీవకణం పొరలో ఉండే నీటి దారులు అక్వాపోరిన్ అనే ప్రొటీన్లు. వీటిని 1992లో గుర్తించిన పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ వచ్చింది. వాటి ఇరుకు నీటి అణువుకే సరిపోయేంత. అక్కడ పంచదారా ఉప్పూ రెండూ వెనక్కే, గుణకం దాదాపు 1. మొదటి ప్రయోగంలో ఉత్త సంఖ్య లెక్క చక్కగా కుదిరింది అందుకే. డయాలిసిస్ ట్యూబింగ్ రంధ్రం అంత ఇరుకు కాదు, రెండు నానోమీటర్లకు పైమాటే. పంచదార అణువు అడ్డంగా ఒక నానోమీటరు దగ్గర ఉంటుంది. యూరియా ఇంకా చిన్నది. ఇక్కడే కథ మారుతుంది.

రెండో ప్రయోగం: ఒకే పొర, నాలుగు సంచులు

ముందు ద్రావణాలు కలుపుకోండి. 1 మోలార్ పంచదార 100 మి.లీ., అంటే 34.2 గ్రాములు. 0.5 మోలార్ ఉప్పు 100 మి.లీ., 2.9 గ్రాములు. 1 మోలార్ యూరియా 700 మి.లీ., 42 గ్రాములు. ఇంత ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. ఇక 100 మి.లీ. నీళ్లలో 5 గ్రాముల కార్న్‌ఫ్లోర్ కలిపి, ఉడికించి, చల్లార్చిన గంజి.

యూరియా కరిగేటప్పుడు గ్లాసు చల్లబడుతుంది. చేత్తో పట్టుకుంటే తెలిసేంత. గది వేడికి వచ్చేదాకా ఆగి అప్పుడు గీత దాకా నీళ్లు పోయండి. ఎరువుల కొట్లోది వేపపూత యూరియా కాబట్టి పైన తెట్టు తేలితే గుడ్డలో వడకట్టండి. యూరియా పడిన గ్లాసులూ చెంచాలూ మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

ట్యూబింగ్‌ను పదిహేను సెంటీమీటర్ల ముక్కలుగా కోసి పది నిమిషాలు నీళ్లలో నానబెట్టండి. వేళ్ల మధ్య రుద్దితే గొట్టంలా తెరుచుకుంటుంది. ఒక చివర ముడేసి, 10 మి.లీ. ద్రావణం సిరంజితో పోసి, గాలి పోయేలా నొక్కి రెండో చివర ముడేయండి. సంచి నిండుగా బిగిసి ఉండకూడదు, సగం ఖాళీగా వేలాడాలి. బిగిసిన సంచిలోకి నీళ్లు రాబోతే పొర సాగి వాటిని వెనక్కి నెడుతుంది, మీరు కొలవాలనుకున్నది కొలవలేరు. ముడి దగ్గర కారుతోందేమో చూసి, పైన కడిగి, అద్ది, తూచి, ఒక్కో సంచిని 500 మి.లీ. మంచినీళ్లలో వేయండి.

మొదటి గంట పది నిమిషాలకొకసారి తూచండి. ఆ తర్వాత గంటకొకసారి. రాత్రంతా ఉంచి పొద్దున ఇంకోసారి. ప్రతిసారీ సంచిని నీళ్లలో రెండు మూడు సార్లు తిప్పండి.

సూత్రం ప్రకారం పంచదార, ఉప్పు, యూరియా సంచులు మూడూ సమానం. మూడింట్లోనూ లీటరుకు ఒక మోలు కణాలు, 30 డిగ్రీల దగ్గర 25 బార్. త్రాసు మాత్రం ఒప్పుకోదు. పంచదార సంచి స్పష్టంగా బరువెక్కుతుంది, మొదట్లో వేగంగా, పోనుపోను నెమ్మదిగా. ఉప్పు, యూరియా సంచులు దానికి దరిదాపుల్లోకి రావు, ఉన్న కాస్త పెరుగుదల కూడా త్వరగా ఆగిపోతుంది. వాటి అణువులు రంధ్రాల్లోంచి బయటికి నడిచిపోతున్నాయి.

ఉప్పు బయటికి రావడాన్ని నమ్మలేకపోతే టీడీఎస్ మీటరు (లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చూపించేది) ముంచండి. ఆర్‌వో బాగుచేసే వాళ్ల జేబులో ఉండే పెన్నులాంటిదే. సంచిలోని ఉప్పంతా రెండు వైపులా సమానంగా సర్దుకుంటే బయట నీళ్ల అంకె మొదటిదాని మీద 550 దాటి పెరగాలి. అదే మీటరును పంచదార గ్లాసులో ముంచితే ఏమీ చెప్పదు, యూరియా గ్లాసులోనూ అంతే. అవి అయాన్లుగా విడిపోవు, మీటరుకు కనిపించవు.

తూకం ఒక్కదాన్నే నమ్మకండి. నీళ్లు లోపలికొస్తూ పంచదార బయటికి పోతుంటే త్రాసు చూపించేది ఆ రెండింటి తేడా మాత్రమే. ఆఖర్న సంచి విప్పి లోపలిది సిరంజితో ఎన్ని మి.లీ. ఉందో కొలవండి. నీళ్ల లెక్క అప్పుడు తేలుతుంది.

గంజి సంచి మొదటి గంటలో మిమ్మల్ని నిరాశపరుస్తుంది. 5 శాతం గంజి చిక్కగా ఉంటుంది, బరువుగా ఉంటుంది, కానీ దాని అణువులు రాక్షసులు, ఒక్కోదాని అణుభారం లక్షల్లో. కాబట్టి సంఖ్య చాలా తక్కువ, పీడనం మహా అయితే కొన్ని సెంటీమీటర్ల నీటి స్తంభమంత. అయితే ఒక్క అణువు కూడా బయటికి పోదు కనుక, మిగతా సంచులు చేతులెత్తేశాక కూడా ఆ కొంచెం పీడనం అలాగే ఉంటుంది. బయట నీళ్లలో రెండు చుక్కల అయోడిన్ వేయండి. సంచి లోపల నల్లటి నీలం వస్తుంది, బయట రాదు. అయోడిన్ లోపలికి దూరింది, గంజి బయటికి రాలేదు. మన రక్తనాళాల్లో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ చేసే పని గంజి పనిలాంటిదే. సన్ననాళాల గోడల్లోంచి ఉప్పూ గ్లూకోజూ అటూ ఇటూ పోతుంటాయి, పెద్ద ప్రొటీన్ మాత్రం లోపలే ఉండి నీళ్లను పట్టి ఉంచుతుంది.

అసలు పరీక్ష: రెండు వైపులా ఒకే గాఢత

ఇందుకే యూరియా ఎక్కువ కలపమన్నాను. కొత్త సంచిలో 10 మి.లీ. 1 మోలార్ పంచదార పోసి, ఈసారి మంచినీళ్లలో కాకుండా 500 మి.లీ. 1 మోలార్ యూరియాలో వేయండి. లోపల 1 మోలార్, బయట 1 మోలార్. సూత్రం ప్రకారం పీడనాలు సమానం. తూచబోయే ముందు ఏమవుతుందో కాగితం మీద రాయండి, పిల్లలుంటే వాళ్ల చేత కూడా రాయించండి.

సంచి బరువెక్కుతుంది. పంచదారను పొర కొంతైనా వెనక్కి తోస్తోంది, యూరియాను దాదాపు తోయడమే లేదు. కాబట్టి పంచదార వైపు మాత్రమే రంధ్రం మూతి దగ్గర పీడనం పడిపోయింది, నీళ్లు అటే పారాయి. గాఢతలో తేడా లేకపోయినా ప్రవాహం ఉంది. పైగా యూరియా కూడా మెల్లగా లోపలికి దూరుతుంది.

డాక్టర్లకు ఇది కొత్త కాదు. 0.3 మోలార్ యూరియా ద్రావణం లెక్కకు రక్తంతో సమానం, అయినా అందులో ఎర్రరక్తకణాలు వేస్తే పగిలిపోతాయి. యూరియా ఆ ఎర్రరక్తకణాల్లోకి సులువుగా దూరిపోతుంది, దాన్ని నీళ్లు వెంబడిస్తాయి.

లెక్క కుదరకపోతే

సంచులన్నీ బరువు తగ్గుతున్నాయంటే ముడి కారుతోంది. అన్నీ ఒకేలా పెరిగాయంటే అద్దడంలో తేడా, లేదా పొర నానకుండానే మొదటి తూకం వేశారు. దుంప మొదట తగ్గి, మర్నాడు చూస్తే మెత్తబడి వాసన వస్తోందంటే దానిలోని జీవకణాలు చచ్చిపోయాయి. చచ్చిన కణానికి పొర ఉన్నా లేనట్టే, ఉప్పు నేరుగా లోపలికి పోతుంది. మాగాయ ముక్కలోకి ఉప్పు దిగేది కూడా ఇలాగే. మొదట ముక్క ఊట వదులుతుంది, పొరలు చెడ్డాక ఉప్పు లోపలికి దిగుతుంది. పంచదార ద్రావణాన్ని మన ఎండల్లో రెండు రోజులుంచితే పులుస్తుంది, ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి.

ఇంట్లో ఆర్‌వో ఉన్నవాళ్లకు

ఇదే లెక్కను తిరగేసి, ఉప్పు నీళ్ల వైపు నుంచి ద్రవాభిసరణ పీడనాన్ని మించి నొక్కి, మంచినీళ్లను పొర దాటించేదే ఆర్‌వో. 1960 ప్రాంతంలో కాలిఫోర్నియాలో లోబ్, సూరిరాజన్ అనే ఇద్దరు తయారుచేసిన పొరతో ఇది వాడకంలోకి వచ్చింది. మీ బోరు నీళ్ల టీడీఎస్ 500 అనుకుంటే, అదంతా ఉప్పేనని లెక్కేసినా ద్రవాభిసరణ పీడనం అర బార్ లోపే. ఇంటి మిషన్ పంపు అంతకు ఎన్నో రెట్లు ఇస్తుంది. అదే సూర్యలంక దగ్గర సముద్రపు నీళ్లయితే 27 బార్ దగ్గర ఉంటుంది, ఇంటి పంపుకు లొంగదు. మిషన్ కొన్ని నీళ్లను బయటికి వదిలేయడం చూసి విసుక్కుంటాం గానీ, వదలకపోతే పొర ముందు ఉప్పు పేరుకుంటుంది. పేరుకున్న కొద్దీ ఎదురు పీడనం పెరుగుతుంది. దుంప గ్లాసును కదపమన్నది ఎందుకో, ఆ నీళ్లను వదిలేది కూడా అందుకే. వాటిని బకెట్‌లో పట్టి ఇల్లు తుడవడానికి వాడుకోండి.

మిగిలిన యూరియా ద్రావణాన్ని పారబోయనక్కర్లేదు. 1 మోలార్ అంటే 6 శాతం, నేరుగా ఆకుల మీద పడితే మాడిపోతాయి. పది రెట్లు నీళ్లు కలిపి, సాయంత్రం పూట, మొక్కల మొదట్లో మట్టికి పోయండి.